ఊరు మారినా ప్రోగ్రాం మారకూడదు



అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడు ఏవి మారతాయో, ఏవి మారవో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మారదు. రాయపూర్‌లో సగం చదివిన పాఠాన్ని విశాఖపట్నంలో అదే పేజీ నుంచి కొనసాగించవచ్చు. ఇంటి చిరునామా, పిన్ కోడ్, ఫోను ముందు వేసే ఎస్‌టీడీ కోడ్, బడికి వెళ్లే దారి మాత్రం మారిపోతాయి. తరచూ బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లల చదువు ఆగిపోకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాల పథకం మొదలైంది. మారని దాన్ని ఒక పక్క, మారే దాన్ని ఇంకో పక్క ఉంచితే బదిలీ కష్టం చాలావరకు తగ్గుతుంది.

కంప్యూటర్ ప్రోగ్రాంలకు కూడా బదిలీలు ఉంటాయి. ల్యాబ్‌లోని కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాం రేపు ముంబయిలోని సర్వర్ మీద, ఎల్లుండి హైదరాబాద్‌లోని సర్వర్ మీద నడవాల్సి రావచ్చు. అప్పుడు మారే విలువలను ఎక్కడ దాచాలి? అవసరమైనప్పుడు కమాండ్ లైన్ నుంచి వాటిని ఎలా అడిగి తెచ్చుకోవాలి? ఈ పాఠంలో నేర్చుకునేది ఇదే.

ఒక చిన్న మాట. ఈ విభాగం తెలుగుది కాబట్టి కమాండ్లను చదివినట్టే తెలుగు అక్షరాల్లో రాశాం. కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

1. పేరు, విలువ

రైలు టిక్కెట్టు మీద స్టేషన్ కోడ్ ఎప్పుడైనా చూశారా? రాయపూర్ జంక్షన్ కోడ్ ఒకే ఒక్క అక్షరం, ఆర్. విజయవాడ కోడ్ మాత్రం బీజెడ్ఏ. విజయవాడ పేరులో ఆ అక్షరాలు లేవే అనిపిస్తుంది. ఆ ఊరి పాత పేరు బెజవాడ. ఊరి పేరు మారినా స్టేషన్ కోడ్‌ను మార్చలేదు. అందువల్ల ఆ కోడ్‌ను నమ్ముకున్న టిక్కెట్లు, పట్టికలు, లెక్కలు ఏవీ చెడలేదు.

ఇందులో రెండు భాగాలున్నాయి. మనం అడగడానికి వాడేది ‘పేరు’. ఇంగ్లీషులో దాన్ని కీ అని కూడా అంటారు. అడిగితే వచ్చేది ‘విలువ’. పేరు నిలకడగా ఉండాలి. విలువ మారవచ్చు. ‘హైదరాబాద్ ఏ రాష్ట్రంలో ఉంది?’ అన్న ప్రశ్న ఎప్పుడూ ఒకటే. జవాబు మాత్రం 1956 నవంబరు 1కి ముందు హైదరాబాద్ రాష్ట్రం, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. ‘రాయపూర్ ఏ రాష్ట్రంలో ఉంది?’ అంటే 2000 అక్టోబరు 31 దాకా మధ్యప్రదేశ్, మరునాడు నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్.

ప్రోగ్రాం నడవడానికి అవసరమై, అది నడిచే చోటును బట్టో కాలాన్ని బట్టో మారే ఇలాంటి విలువలను కాన్ఫిగరేషన్ విలువలు అంటారు.

2. ప్రోగ్రాంలోనే రాసేస్తే ఏమవుతుంది?

కొత్త బండికి నంబరు ఇచ్చే ప్రోగ్రాం ఒకటి ఉందనుకోండి. హైదరాబాద్ బండ్లకు మొదట ఏపీ అని వచ్చేది. రాష్ట్రం ఏర్పడ్డాక టీఎస్ అయింది. 2024 మార్చిలో అది టీజీగా మారింది. టీఎస్ అన్న రెండు అక్షరాలను ప్రోగ్రాంలో నలభై చోట్ల రాసి ఉంటే నలభై చోట్లా వెతికి దిద్దాలి. ముప్ఫై తొమ్మిది దిద్ది ఒకటి వదిలేస్తే, ఆ ఒక్కటీ ఎప్పుడో ఒకరోజు తప్పు నంబరు ఇస్తుంది. అదే విలువను బయట ఒకే చోట ఒక పేరుతో దాచి, ప్రోగ్రాం ప్రతిసారీ ఆ పేరుతోనే అడిగేలా చేస్తే ఒక్క చోట దిద్దితే సరిపోతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. కొత్త కోడ్ వచ్చినా టీఎస్‌తో ఉన్న పాత బండ్ల నంబర్లు మారలేదు. ‘ఇప్పుడు కొత్త బండికి ఏ అక్షరాలు వేయాలి?’ అన్నది కాన్ఫిగరేషన్. ‘ఫలానా బండికి ఏ నంబరు ఇచ్చాం?’ అన్నది రికార్డు. మొదటిది మార్చవచ్చు, రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఈ రెంటినీ కలిపేసిన ప్రోగ్రాం ఎప్పుడైనా చిక్కుల్లో పడుతుంది.

విలువ రహస్యమైనదైతే ప్రమాదం ఇంకా పెద్దది. 2016లో ఉబర్ సంస్థకు జరిగింది చూడండి. దాని క్లౌడ్ నిల్వను తెరిచే తాళంచెవిలాంటి మాట గిట్‌హబ్‌లో ఉంచిన ప్రోగ్రాంలో రాసి ఉంది. ఆ ప్రోగ్రాం అందరికీ కనిపించే చోట కూడా లేదు, ప్రైవేట్ అరలోనే ఉంది. అయినా చొరబాటుదారులు ఆ అరలోకి ప్రవేశించి, అక్కడ దొరికిన తాళంచెవితో క్లౌడ్ నిల్వను తెరిచారు. ప్రపంచవ్యాప్తంగా 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. అమెరికాలోని దాదాపు 6 లక్షల మంది డ్రైవర్ల లైసెన్సు నంబర్లు కూడా అందులో ఉన్నాయి. ఈ సంగతి 2017 నవంబరులో గాని లోకానికి తెలియలేదు. తాళంచెవిని గుమ్మం మీద పెట్టి ‘మా వీధిలోకి ఎవరూ రారు’ అనుకున్నట్టయింది.

హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ 2011 ప్రాంతంలో మంచి ప్రోగ్రాంకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలను రాసి పెట్టాడు. దాని పేరు ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’. అందులో కాన్ఫిగరేషన్ గురించి ఒక సులువైన పరీక్ష ఉంది. మీ ప్రోగ్రాం మొత్తాన్ని ఈ క్షణంలో లోకమంతటికీ చూపించగలరా? చూపిస్తే ఏ రహస్యమైనా బయటపడుతుందా? బయటపడుతుందంటే ఆ విలువ ఉండకూడని చోట ఉందన్నమాట. మీ ప్రాజెక్టును ఉపాధ్యాయులకు ఇచ్చే ముందు ఈ పరీక్ష పెట్టుకోండి.

3. క్లౌడ్‌లో విలువలు దాచే బీరువా

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. వేరే ఊళ్లో, పెద్ద భవనాల్లో, కరెంటూ చల్లదనమూ నిరంతరం అందే గదుల్లో వరుసగా పేర్చిన కంప్యూటర్లు. వాటిని మనం ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకుంటాం. అమెజాన్ సంస్థ క్లౌడ్‌ను అమెజాన్ వెబ్ సర్వీసెస్, పొట్టిగా ఏడబ్ల్యూఎస్ అంటారు. దాని భవనాల గుంపును ‘రీజియన్’ అంటారు. మన దేశంలో మొదటి రీజియన్ 2016లో ముంబయిలో, రెండోది 2022 నవంబరులో హైదరాబాద్‌లో మొదలయ్యాయి.

ప్రతి రీజియన్‌కూ ఒక కోడ్ ఉంటుంది. ముంబయి కోడ్ ఏపీ-సౌత్-1, హైదరాబాద్ కోడ్ ఏపీ-సౌత్-2. ఏపీ అనగానే మనకు ఆంధ్రప్రదేశ్ గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం ఏషియా పసిఫిక్. అందుకే ముంబయికీ అదే ఏపీ.

ఏడబ్ల్యూఎస్‌లో పారామీటర్ స్టోర్ అనే సేవ ఉంది. సిస్టమ్స్ మేనేజర్ అనే పెద్ద సేవలో అది ఒక భాగం. దాన్ని సొరుగులున్న బీరువా అనుకోండి. ప్రతి సొరుగు మీద ఒక పేరు, లోపల ఒక విలువ. విలువలు మూడు రకాలు.

స్ట్రింగ్: మామూలు మాట లేదా అంకెలు. ఉదాహరణకు రాయపూర్ పిన్ కోడ్ 492001.

స్ట్రింగ్‌లిస్ట్: కామాలతో విడదీసిన జాబితా. ఉదాహరణకు రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్.

సెక్యూర్‌స్ట్రింగ్: రహస్యం. పాస్‌వర్డ్ లాంటిది. దీన్ని ఎన్‌క్రిప్షన్ అనే తాళం వేసి దాస్తారు.

మామూలు సొరుగులో 4 కిలోబైట్ల దాకా పడుతుంది. ఒక ఖాతాకు ఒక రీజియన్‌లో ఇలాంటివి 10,000 దాకా ఉండవచ్చు. అంకెలు వేసినా పారామీటర్ స్టోర్ వాటిని అక్షరాలుగానే దాస్తుంది. ఇది మనకు మేలే. రాయపూర్ ఎస్‌టీడీ కోడ్ 0771. దాన్ని సంఖ్యగా మార్చితే ముందున్న సున్నా పోయి 771 మిగులుతుంది. దానితో ఫోను కలవదు. లెక్కలు కట్టే అంకెలనే సంఖ్యలుగా మార్చాలి. ఎస్‌టీడీ కోడ్, పిన్ కోడ్ లాంటివి పేర్ల వంటివి, వాటిని అక్షరాలుగానే ఉంచాలి.

మన ఉదాహరణకు ఒక ప్రోగ్రాం ఊహిద్దాం. బడి పత్రికను పోస్టులో పంపడానికి చిరునామా చీటీలు ముద్రించే ప్రోగ్రాం. దానికి పంపేవారి ఊరు, పిన్ కోడ్, ఎస్‌టీడీ కోడ్, చిరునామాలున్న డేటాబేస్ పాస్‌వర్డ్ కావాలి. సొరుగులకు ఇలా పేర్లు పెట్టాం:

/చీటీలు/రాయపూర్/పిన్
/చీటీలు/రాయపూర్/ఎస్‌టీడీ
/చీటీలు/రాయపూర్/పాస్‌వర్డ్

ఏటవాలు గీతలు చూస్తే ఇది కవరు మీద చిరునామా రాసినట్టే ఉంటుంది. ఏ ప్రోగ్రాం, ఏ ఊరు, ఏ విలువ అన్నది వరుసగా తెలుస్తుంది. పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లెక్కలోకి వస్తుందని మరవకండి.

4. కమాండ్ లైన్ నుంచి అడగడం

మౌసుతో బొమ్మలు నొక్కకుండా, నల్లటి తెర మీద మాటలు టైపు చేసి కంప్యూటర్‌కు పని చెప్పడమే కమాండ్ లైన్. చేసిన పనిని అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చేయడానికి, ఇంకొకరికి రాసి ఇవ్వడానికి ఇది వీలు. ఏడబ్ల్యూఎస్‌తో ఇలా మాట్లాడటానికి ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ అనే పరికరాన్ని కంప్యూటర్‌లో వేసుకోవాలి. మొదటిసారి ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్’ అని కొడితే అది మనం ఎవరో తెలిపే తాళంచెవులనూ, మామూలుగా ఏ రీజియన్‌ను అడగాలో కూడా తెలుసుకుని గుర్తుపెట్టుకుంటుంది.

ఇక అసలు కమాండ్:

ఏడబ్ల్యూఎస్ ఎస్‌ఎస్‌ఎం గెట్-పారామీటర్ --నేమ్ /చీటీలు/రాయపూర్/పిన్

దీన్ని ముక్కలు చేసి చూద్దాం. ‘ఏడబ్ల్యూఎస్’ అంటే ఏ పరికరాన్ని పిలుస్తున్నామో. ‘ఎస్‌ఎస్‌ఎం’ అంటే ఏ సేవ, అంటే సిస్టమ్స్ మేనేజర్. ‘గెట్-పారామీటర్’ అంటే ఏ పని, ఒక విలువను తెచ్చివ్వు అని. ‘--నేమ్’ తరువాత వచ్చేది సొరుగు పేరు. ‘ఎవరిని, ఎక్కడ, ఏం, దేన్ని’ అన్న వరుసలో వాక్యం కట్టినట్టు ఉంది కదా.

జవాబుగా విలువ ఒక్కటే రాదు. ఒక చిన్న పట్టిక వస్తుంది. అందులో పేరు, రకం, విలువ, ఎన్నో రూపం, చివరిసారి ఎప్పుడు మార్చారు అన్నవి ఉంటాయి. మనిషి చదవడానికి ఇది బాగుంటుంది. ప్రోగ్రాంకు మాత్రం 492001 అన్న ఆరు అంకెలే చాలు. అప్పుడు ఇలా అడగాలి:

ఏడబ్ల్యూఎస్ ఎస్‌ఎస్‌ఎం గెట్-పారామీటర్ --నేమ్ /చీటీలు/రాయపూర్/పిన్ --క్వెరీ పారామీటర్.వేల్యూ --అవుట్‌పుట్ టెక్స్ట్

‘--క్వెరీ’ వచ్చిన పట్టికలోంచి మనకు కావలసిన గడిని మాత్రం ఏరుతుంది. ‘--అవుట్‌పుట్ టెక్స్ట్’ దాని చుట్టూ ఉన్న కోట్ గుర్తులు తీసేసి ఉత్త అక్షరాలను ఇస్తుంది. ఈ రెండూ కలిస్తేనే ఆ జవాబును ఇంకో ప్రోగ్రాం నేరుగా వాడుకోగలదు.

ఒకేసారి చాలా విలువలు కావాలంటే రెండు దారులున్నాయి. పేర్లు తెలిస్తే ‘గెట్-పారామీటర్స్’ అనే కమాండ్‌కు పది పేర్ల దాకా ఇవ్వవచ్చు. అందులో ఏ పేరైనా తప్పయితే కమాండ్ ఆగిపోదు. దొరికినవి ఇచ్చి, దొరకని పేర్లను విడిగా ‘ఇన్వాలిడ్ పారామీటర్స్’ అనే జాబితాలో పెడుతుంది. ఆ జాబితా చూడకపోతే అన్నీ వచ్చాయనే అనుకుంటాం. రెండో దారి, ఊరి కింద ఉన్నవన్నీ అడగడం:

ఏడబ్ల్యూఎస్ ఎస్‌ఎస్‌ఎం గెట్-పారామీటర్స్-బై-పాత్ --పాత్ /చీటీలు/రాయపూర్

ఇది ఆ మెట్టుకు సరిగ్గా కింద ఉన్న సొరుగులను ఇస్తుంది. ఇంకా లోపలి మెట్లలోవి కూడా కావాలంటే చివర ‘--రికర్సివ్’ అని చేర్చాలి.

5. రహస్యాన్ని అడిగేటప్పుడు

పాస్‌వర్డ్ సొరుగును మామూలుగా అడిగితే అర్థంకాని అక్షరాల మూట వస్తుంది. తప్పు జరిగిందని కంగారు పడనక్కర్లేదు. తాళం తీయకుండా పెట్టెను అలాగే ఇచ్చిందన్నమాట. తాళం తీసి ఇమ్మని స్పష్టంగా చెప్పాలి:

ఏడబ్ల్యూఎస్ ఎస్‌ఎస్‌ఎం గెట్-పారామీటర్ --నేమ్ /చీటీలు/రాయపూర్/పాస్‌వర్డ్ --విత్-డిక్రిప్షన్

అడిగిన ప్రతివారికీ తాళం తీసి ఇవ్వరు. ఎవరు ఏ సొరుగు తెరవవచ్చో ఖాతా యజమాని ముందే రాసి పెడతాడు. చీటీల ప్రోగ్రాంకు చీటీల సొరుగుల మీదే హక్కు ఉండాలి, జీతాల ప్రోగ్రాం సొరుగుల మీద ఉండకూడదు. సైన్స్ ల్యాబ్ తాళంచెవి ఇచ్చిన విద్యార్థికి ప్రిన్సిపాల్ గది తాళంచెవి ఇవ్వం కదా.

ఇంకో జాగ్రత్త. తాళం తీసిన రహస్యం తెర మీద అందరూ చదివేలా కనిపిస్తుంది. అప్పుడు తెర ఫోటో తీసి స్నేహితులకు పంపితే బీరువా, తాళం అన్నీ వృథా. అలాగే కొత్త పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో నేరుగా టైపు చేస్తే, మనం కొట్టిన కమాండ్లను గుర్తుంచుకునే కంప్యూటర్ చరిత్రలో అది మిగిలిపోవచ్చు. ల్యాబ్‌లో పది మంది వాడే కంప్యూటర్ దగ్గర ఇది మరీ ముఖ్యం.

6. ‘దొరకలేదు’ అంటే ‘లేదు’ అని కాదు

ఈ పాఠంలో అన్నిటికన్నా బాగా గుర్తుంచుకోవలసిన భాగం ఇది. నిన్నటిదాకా చక్కగా విలువ ఇచ్చిన కమాండ్ ఈ రోజు ‘పారామీటర్ నాట్ ఫౌండ్’ అందనుకోండి. విలువను ఎవరో చెరిపేశారనిపిస్తుంది. తొందరపడి కొత్తగా ఇంకోటి సృష్టిస్తే ఒకే పేరుతో రెండు చోట్ల రెండు విలువలు తయారవుతాయి. ఆ తరువాత ఏది నిజమో తేల్చడం కష్టం.

అసలు కారణం చాలాసార్లు రీజియనే. పారామీటర్ స్టోర్ సొరుగులు రీజియన్‌కు విడివిడిగా ఉంటాయి. ముంబయి బీరువాలో దాచినది హైదరాబాద్ బీరువాలో కనిపించదు. పేరు మధ్యలో ‘రాయపూర్’ అని మనం రాసింది మన గుర్తు కోసమే. రాయపూర్‌లో ఏడబ్ల్యూఎస్ రీజియన్ లేదు. ఆ విలువ నిజంగా ఉండేది ముంబయిలోనో హైదరాబాద్‌లోనో. ప్రోగ్రాంను ముంబయి నుంచి హైదరాబాద్‌కు బదిలీ చేసి, విలువలను అక్కడ మళ్లీ నింపకపోతే మొదటి రోజే ఈ మాట ఎదురవుతుంది. పైగా హైదరాబాద్ రీజియన్ ఖాతాలో దానంతట అది తెరుచుకుని ఉండదు, యజమాని ముందుగా దాన్ని తెరవాలి. కాబట్టి ఏ రీజియన్‌ను అడుగుతున్నామో కమాండ్‌లోనే చెప్పడం మేలు:

ఏడబ్ల్యూఎస్ ఎస్‌ఎస్‌ఎం గెట్-పారామీటర్ --నేమ్ /చీటీలు/రాయపూర్/పిన్ --రీజియన్ ఏపీ-సౌత్-1

అడిగే చోటు వేరు, అడిగే విషయం వేరు అనడానికి మంచి ఉదాహరణ ఒకటుంది. ఏడబ్ల్యూఎస్ తన గురించిన కొన్ని సంగతులను అందరూ చదవగలిగే సొరుగుల్లో పెట్టింది. అమెరికాలోని ఉత్తర వర్జీనియా బీరువాను మన హైదరాబాద్ గురించి ఇలా అడగవచ్చు:

ఏడబ్ల్యూఎస్ ఎస్‌ఎస్‌ఎం గెట్-పారామీటర్ --నేమ్ /ఏడబ్ల్యూఎస్/సర్వీస్/గ్లోబల్-ఇన్‌ఫ్రాస్ట్రక్చర్/రీజియన్స్/ఏపీ-సౌత్-2/లాంగ్‌నేమ్ --క్వెరీ పారామీటర్.వేల్యూ --అవుట్‌పుట్ టెక్స్ట్ --రీజియన్ యూఎస్-ఈస్ట్-1

జవాబు: ఏషియా పసిఫిక్ (హైదరాబాద్). ఈ కమాండ్‌లో రెండు రీజియన్ల కోడ్‌లున్నాయి. పేరు లోపల ఉన్నది మనం తెలుసుకోదలచిన ఊరు. చివర ఉన్నది మనం అడుగుతున్న ఊరు. ఈ తేడా తెలిసినవారు సగం చిక్కులు తామే విప్పుకోగలరు.

విలువ రాకపోతే ఈ వరుసలో చూడండి.

‘పారామీటర్ నాట్ ఫౌండ్’ అంటే: పేరులో అక్షర దోషం ఉందా? పెద్దబడి, చిన్నబడి అక్షరాలు సరిగ్గా ఉన్నాయా? మొదటి ఏటవాలు గీత మరిచామా? సరైన రీజియన్‌నే అడిగామా? సరైన ఖాతాతోనే అడిగామా?

‘యాక్సెస్ డినైడ్’ అంటే: ఆ సొరుగు తెరిచే హక్కు మనకు ఇవ్వలేదు. ఇంకొకరి తాళంచెవి తీసుకోవడం పరిష్కారం కాదు. హక్కు అడిగి ఇప్పించుకోవాలి.

అర్థంకాని అక్షరాలు వస్తే: అది సెక్యూర్‌స్ట్రింగ్. తాళం తీసి ఇమ్మని చెప్పలేదు.

7. పాత విలువలు ఎక్కడికి పోతాయి?

సొరుగులో కొత్త విలువ వేస్తే పాతది వెంటనే మాయం కాదు. ప్రతి మార్పుకూ 1, 2, 3 అని రూప సంఖ్య పడుతుంది. ‘గెట్-పారామీటర్-హిస్టరీ’ అని అడిగితే ఆ చరిత్ర వస్తుంది. ఒక్కో పేరుకు 100 రూపాల దాకా నిలువ ఉంటాయి. ‘రాయపూర్ రాష్ట్రం’ అన్న సొరుగులో మొదట మధ్యప్రదేశ్ అని, తరువాత ఛత్తీస్‌గఢ్ అని వేశామనుకోండి. పేరు చివర రెండు చుక్కలు పెట్టి 1 అని రాస్తే మొదటి రూపం, అంటే మధ్యప్రదేశ్ వస్తుంది. ఏమీ రాయకపోతే తాజా విలువ వస్తుంది.

దీనివల్ల మేలేమిటంటే, ఎవరైనా తప్పు విలువ వేస్తే నిన్నటి విలువ ఏమిటో, అది ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో చూసి సరిదిద్దవచ్చు. తెల్ల సిరాతో చెరిపి రాసిన హాజరు పట్టీకీ, కొట్టివేసి పక్కన సంతకం చేసిన హాజరు పట్టీకీ ఎంత తేడా ఉందో దీనికీ అంతే.

8. మీ కంప్యూటర్‌లోనే చేసి చూడండి

ఏడబ్ల్యూఎస్ ఖాతా తెరవాలంటే బ్యాంకు కార్డు లాంటి చెల్లింపు వివరాలు ఇవ్వాలి. కొన్ని సేవలకు బిల్లు వస్తుంది. అందుకని పెద్దవాళ్లకు చెప్పకుండా ఖాతా తెరవకండి. ఈ పాఠంలోని ఆలోచనను మాత్రం రూపాయి ఖర్చు లేకుండా ల్యాబ్‌లోనే పరీక్షించవచ్చు. దీనికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సాయపడుతుంది. లినక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి:

ఎక్స్‌పోర్ట్ ఎస్‌టీడీ_కోడ్=0771
ఎకో $ఎస్‌టీడీ_కోడ్

మొదటి వరుస విలువను దాస్తుంది. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. రెండో వరుస దాన్ని చూపిస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే ‘సెట్ ఎస్‌టీడీ_కోడ్=0771’ అని కొట్టి, ‘ఎకో %ఎస్‌టీడీ_కోడ్%’ అని అడగాలి.

పదకొండో తరగతిలో పైథాన్ చదివేవారు అదే విండోలో పైథాన్ తెరిచి ‘ఇంపోర్ట్ ఓఎస్’ అని రాసి, తరువాత ఓఎస్.ఎన్విరాన్.గెట్ అనే దానికి కోట్ గుర్తుల మధ్య ఎస్‌టీడీ_కోడ్ అనే పేరు ఇచ్చి ముద్రించండి. 0771 వస్తుంది. ఇప్పుడు పైథాన్ నుంచి బయటకు వచ్చి విలువను విశాఖపట్నం కోడ్ 0891గా మార్చి మళ్లీ నడపండి. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు, జవాబు మాత్రం మారింది. ఇదే ప్రోగ్రాం బదిలీ.

ఆ విండో మూసి కొత్తది తెరిచి అడిగితే విలువ ఉండదు. పైథాన్ ‘నన్’ అంటుంది. ఒక విండో వరకే బతికే ఈ విలువను ఎన్నో కంప్యూటర్లు, ఎన్నో ప్రోగ్రాంలు ఎప్పుడైనా అడిగి తెచ్చుకోవాలంటే శాశ్వతమైన బీరువా కావాలి. పారామీటర్ స్టోర్ ఆ బీరువాయే. మైక్రోసాఫ్ట్, గూగుల్ క్లౌడ్‌లలోనూ ఇలాంటి సేవలున్నాయి. కమాండ్ల పేర్లు వేరైనా అడిగే పద్ధతి ఇదే.

గుర్తుంచుకోండి

మారేదాన్ని ప్రోగ్రాంలో రాయవద్దు. బయట ఒక స్థిరమైన పేరుతో దాచండి.
రహస్యాన్ని తాళం వేసి దాచండి. అవసరమైనవారికే తెరిచే హక్కు ఇవ్వండి.
విలువ దొరకకపోతే కొత్తది సృష్టించే ముందు ఏ పేరుతో, ఏ చోట, ఏ హక్కుతో అడిగారో చూడండి.

అభ్యాసం

1. కింది వాటిలో ఏవి కాన్ఫిగరేషన్, ఏవి రికార్డు? మీ బడి ప్రస్తుత ఫోను నంబరు, 2023లో మీకు వచ్చిన మార్కులు, ఈ ఏడాది బడి మొదలయ్యే సమయం, నిన్నటి హాజరు.

2. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040. దీన్ని సంఖ్యగా మార్చి దాస్తే ఏమవుతుంది?

3. మీరు ఇప్పటిదాకా చదివిన ఊళ్ల పేర్లతో /నేను/ఊరు/పిన్ తరహాలో సొరుగుల పేర్లు తయారుచేయండి. అన్ని ఊళ్లకూ మారకుండా ఉన్న విలువలు ఏవో విడిగా రాయండి.

4. ముంబయి రీజియన్‌లో దాచిన పాస్‌వర్డ్‌ను, తాళం తీసి, విలువ మాత్రమే కనిపించేలా తెచ్చే కమాండ్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో మీ నోటుపుస్తకంలో రాయండి. ప్రతి ముక్క ఏం చేస్తుందో పక్కనే తెలుగులో రాయండి.

5. మీ స్నేహితురాలు తన ప్రాజెక్టు ప్రోగ్రాంలో ఈమెయిల్ పాస్‌వర్డ్ రాసి, దాన్ని తరగతి గ్రూపులో పెట్టింది. వెంటనే ఆ సందేశాన్ని చెరిపేసింది. అది సరిపోతుందా? ఆమె ఇంకా ఏం చేయాలి? కారణాలతో చెప్పండి.